ఏళ్ల తరబడి ప్రతిపక్షంలో ఉన్న ఎంపీ ఏం సాధించినట్టు? (జైపాల్ రెడ్డి గురించి)

పాలమూరు_పిల్లగాడు
పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు జైపాల్ రెడ్డి పేరు పెట్టాలని 2025 జనవరిలో రాష్ట్ర కేబినెట్ నిర్ణయించింది కదా. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరు కలిసినా ఇదే వాదన. మా మామ "గొప్ప వక్తే, కాదనను, కానీ జిల్లాకు ఏం తెచ్చిండు?" అంటాడు. మా నాన్నేమో "ఢిల్లీలో మన పేరు నిలబెట్టింది ఆయనే" అంటాడు. నాకు తెలిసిన జైపాల్ రెడ్డి కేంద్ర మంత్రి. అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా కాంగ్రెస్‌కు ఎదురు నిలబడ్డ మనిషని ఈ గొడవ వల్లే తెలిసింది. నా ప్రశ్న సూటిగా అడుగుతున్నా. ప్రతిపక్షంలో ఉన్న ఎంపీ చేతిలో ఏముంటుంది? అరిచి బయటికి రావడమేనా, ఇంకేమైనా ఉందా? పార్టీల గొడవ మాత్రం వద్దు.

బెజవాడ_బాబాయ్
రాజకీయాల మీద ప్రశ్న వేసి పార్టీల గొడవ వద్దంటే, పెళ్లి భోజనంలో ఉప్పు వద్దన్నట్టుంది అబ్బాయ్. సరే, నేను కూర్చున్నా. చెప్పేవాళ్లు చెప్పండి.

కల్వకుర్తి_మాస్టారు
నేను చెప్తాను. మా నియోజకవర్గం మనిషి కాబట్టి కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

జైపాల్ రెడ్డి 1942 జనవరి 16న పుట్టారు, నల్గొండ జిల్లా నెర్మట్టలో. సొంతూరు మాడ్గుల. రెండేళ్లు కూడా నిండకముందే పోలియో సోకింది. అందరం చూసింది కర్రల సాయంతో నడిచిన మనిషినే. ఉస్మానియాలో ఇంగ్లిష్ ఎం.ఏ. చేశారు, అక్కడే విద్యార్థి నాయకుడయ్యారు. 1969లో కల్వకుర్తి నుంచి అసెంబ్లీకి వెళ్లారు, కాంగ్రెస్ తరఫునే. 1984 దాకా వరుసగా ఆయనే ఎమ్మెల్యే.

అసలు సంగతి ఎమర్జెన్సీ దగ్గర మొదలవుతుంది. ఆయన దాన్ని ఒప్పుకోలేదు, కాంగ్రెస్ వదిలి జనతా పార్టీలోకి వెళ్లారు. ఇప్పుడు వింటే మామూలుగా ఉంటుంది. 1977లో దేశమంతా ఇందిర ఓడిపోయినా మన ఆంధ్రప్రదేశ్‌లో 42 లోక్‌సభ సీట్లలో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. జనతాకు దక్కింది ఒక్క నంద్యాల, అదీ నీలం సంజీవరెడ్డి నిలబడ్డారు కాబట్టి. ఉత్తరాదిలో జనతాలో చేరినవాళ్లు అధికారంలోకి నడిచి వెళ్లారు. ఇక్కడ చేరినవాళ్లు అధికారానికి దూరంగా నడిచారు. ఆ తేడా మీ తరం గమనించాలి.

హన్మకొండ_హరి
మాస్టారు చెప్పినదానికి తోడు 1980 సంగతి. మెదక్‌లో ఇందిరాగాంధీ మీద పోటీకి దిగింది ఈయనే. రెండు లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆమె రాయ్‌బరేలీలో కూడా గెలిచి, దాన్ని వదులుకుని మెదక్ ఉంచుకున్నారు.

గ్రూప్1_గోపి
ఓడిపోతానని తెలిసి నిలబడటం ఎందుకు? ఖర్చు దండగ కాదా?

హన్మకొండ_హరి
గోపీ, ఎవరూ నిలబడకపోతే ఆ ఎన్నికల్లో ఎమర్జెన్సీ గురించి మెదక్ ఊళ్లలో మైకు పట్టుకుని అడిగేదెవరు? ఓటు వేయకపోయినా జనం వింటారు. పోటీ అనేది గెలవడానికి ఒక్కటే కాదు.

మక్తల్_మల్లేశ్
అందరూ పొగడ్తలతో మొదలుపెట్టారు కాబట్టి రెండో వైపు నేను చెప్తా. మా నాన్న 1986లో బొంబాయి పోయిండు, బిల్డింగు పనికి. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, అమ్మను కూడా తీసుకుని పోయిండు. మేం ముసలమ్మ దగ్గర ఉన్నాం. దసరాకు వస్తామన్నవాళ్లు సంక్రాంతికి కూడా రాలేదు, అడ్వాన్సు తీరలేదని మేస్త్రీ పంపలేదు. అప్పుడు మా ఎంపీ జైపాల్ రెడ్డే. 1987 నుంచి టీవీలో, పేపర్లో బోఫోర్స్ ఫిరంగుల ముడుపులు, బోఫోర్స్. మా ఊరికి బోఫోర్స్‌తో ఏం పని? మాకు కావలసింది కృష్ణ నీళ్లు. నది మా పక్కనుంచే పోతుంది, మా పొలాలు మాత్రం ఎండిపోతాయి. ఆయన మంచివాడు కాదని నేననను. ఒక్క రూపాయి తిన్నాడని ఎవరూ అనలేదు. కానీ పిల్లగాడి మామలాంటి వాళ్ల ప్రశ్న తప్పెలా అవుతుంది?

పాలమూరు_పిల్లగాడు
మల్లేశన్నా, మా మామ మాట సరిగ్గా ఇదే.

పాత_పేపరు
మల్లేశ్ గారి బాధ నిజం. జిల్లాలో రిపోర్టింగ్ చేసిన రోజుల్లో రాత్రిపూట బస్టాండులో మూటలతో కూర్చున్న కుటుంబాలను చూశాను. "పాలమూరు లేబర్" అని దేశమంతా పిలిచిన మాట ఊరికే పుట్టలేదు.

కానీ లెక్క సరిగ్గా చూద్దాం. ఎంపీ లాడ్స్, అంటే నియోజకవర్గంలో పనులకు ఎంపీకిచ్చే నిధులు, మొదలైంది 1993 డిసెంబరులో. మొదట్లో ఏడాదికి 5 లక్షలు, తర్వాత కోటి, 1998 నుంచి 2 కోట్లు, 2011 నుంచి 5 కోట్లు. ఆయన మహబూబ్‌నగర్‌కు మొదటిసారి ఎంపీగా ఉన్న 1984-89లో ఏ ఎంపీ చేతిలోనూ అలాంటి పైసా లేదు. కృష్ణ ప్రాజెక్టులు రాష్ట్రం కట్టాలి, కేంద్రం అనుమతులు ఇవ్వాలి. లోక్‌సభలో జనతా పార్టీకి ఉన్నది 10 సీట్లు, అటువైపు కాంగ్రెస్‌కు 400 దాటి. నీళ్లు తెచ్చే తాళంచెవి ఆయన జేబులో లేదు. అడిగే నోరు మాత్రం ఉంది.

మక్తల్_మల్లేశ్
నోరు ఉంది కదా, మరి ఆ నోటితో బోఫోర్స్ మీద అడిగినంత మా వలస మీద అడిగాడా? నా పాయింటు అదీ.

పాత_పేపరు
న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు నేను అంచనా మీద చెప్పను. పాత చర్చలన్నీ పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీలో ఉన్నాయి, సభ్యుడి పేరుతో వెతకొచ్చు. మీరూ నేనూ కలిసే చూద్దాం.

నెల్లూరు_నాగమణి
ప్రతిపక్షం అంటే మా జిల్లా అలగానిపాడు నుంచి వెళ్లిన పుచ్చలపల్లి సుందరయ్యను వదిలేస్తే ఎలా? 1952లో రాజ్యసభ పుట్టగానే అక్కడ కమ్యూనిస్టు గ్రూపుకు ఆయనే నాయకుడు. సైకిల్ మీద పార్లమెంటుకు వెళ్లేవారు. తర్వాత గన్నవరం నుంచి అసెంబ్లీకి. మా తాతయ్య దగ్గర ఆ కథలు వింటూ పెరిగాం.

బెజవాడ_బాబాయ్
గన్నవరం అన్నావ్, ఇక నేను ఆగను. 1955లో ఆంధ్రలో కమ్యూనిస్టులకు వచ్చింది 15 సీట్లు. అంత దెబ్బలోనూ గన్నవరం సుందరయ్యనే గెలిపించింది. మా నాన్న వేరే పార్టీ మనిషి, అయినా సుందరయ్య వస్తే లేచి నిలబడేవాడు. ఇప్పుడు ఎవరికి లేస్తున్నాం చెప్పు నాగమణమ్మా?

నల్గొండ_నర్సింహ
మరి మా రావి నారాయణరెడ్డి? 1952 ఎన్నికల్లో నల్గొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నాడు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంటే పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో పోటీ చేశారు. భూస్వామి ఇంట్లో పుట్టి సొంత భూమి వందల ఎకరాలు పంచిన మనిషి.

గ్రూప్1_గోపి
నర్సింహన్నా, అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం కదా? ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు. నెహ్రూతో పోల్చేటప్పుడు అది కూడా చెప్పాలి.

నల్గొండ_నర్సింహ
నెహ్రూది కూడా ఇద్దరు సభ్యుల నియోజకవర్గమే తమ్ముడూ. పరీక్షకు ఇంకా చదవాలి నువ్వు :)

లండన్_లక్ష్మి
చర్చ బాగుంది. ఒక్క పోలిక చెప్పి వెళ్తాను. ఇక్కడ బ్రిటన్‌లో ప్రతిపక్ష నాయకుడికి 1937 నుంచే ఖజానా నుంచి జీతం ఉంది. ప్రతి మంత్రికీ ఎదురుగా అదే శాఖను కనిపెట్టుకుని ఉండే ఒక ప్రతిపక్ష సభ్యుడుంటాడు. రేపు ప్రభుత్వం మారితే ఆ కుర్చీలో కూర్చునేది దాదాపు అతనే. అంటే ప్రతిపక్షంలో ఉన్నన్నాళ్లూ ఆ శాఖను చదువుకుంటూనే ఉంటాడు. మన దగ్గర ఆ ఏర్పాటు లేదు. అయినా జైపాల్ రెడ్డి లాంటివాళ్లు సొంతంగా చదువుకుని నిలబడ్డారంటే నాకు గౌరవం పెరుగుతుంది.

కల్వకుర్తి_మాస్టారు
మన దగ్గర ప్రతిపక్ష నాయకుడికి చట్టం 1977లో వచ్చింది తల్లీ, జనతా ప్రభుత్వం తెచ్చింది. జీతం, హోదా అన్నీ ఉన్నాయి. కానీ సభలో పదో వంతు సీట్లున్న పార్టీకే ఆ గుర్తింపు ఇచ్చే ఆనవాయితీ. అందుకే 1984లో తెలుగుదేశం 30 సీట్లతో లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షం అయినా గుర్తింపు పొందిన ప్రతిపక్ష నాయకుడు లేడు. ఒక ప్రాంతీయ పార్టీ అంత ఎత్తుకు రావడం అదే మొదలు. 2014లో, 2019లో కాంగ్రెస్‌కూ అదే జరిగింది, పదేళ్లు ఆ కుర్చీ ఖాళీ.

హన్మకొండ_హరి
1984 అనగానే మా ఊరి సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ ఎన్నికల్లో బీజేపీకి దేశం మొత్తంలో 2 సీట్లు. అందులో ఒకటి హన్మకొండ. చందుపట్ల జంగారెడ్డి ఓడించింది ఎవర్నో కాదు, పి.వి. నరసింహారావుని. అదే ఎన్నికల్లో మహబూబ్‌నగర్‌లో జైపాల్ రెడ్డి జనతా తరఫున గెలిచారు. ఇప్పుడు 1991కి రండి. పి.వి. ప్రధాని. రాజ్యసభలో ప్రతిపక్ష నాయకుడు జైపాల్ రెడ్డి. ఉదారీకరణ బడ్జెట్ వచ్చిన ఏడాదే అది. ప్రభుత్వాన్ని నడిపేది మన తెలంగాణ మనిషి, రాజ్యసభలో ఎదురు నిలబడి ప్రశ్నించేదీ మన తెలంగాణ మనిషే. ఈ సంగతి మన స్కూలు పుస్తకాల్లో ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

సిరిసిల్ల_స్వాతి
హరన్నా, ఇది నాకు కొత్త. రాజ్యసభలో ఎన్నాళ్లున్నారు?

హన్మకొండ_హరి
1990 నుంచి 1996 దాకా ఒకసారి, మళ్లీ 1997-98లో. ప్రతిపక్ష నాయకుడిగా 1991-92లో, ఏడాది దగ్గర. తర్వాత ఆ స్థానం బీజేపీ సికందర్ బఖ్త్‌కు వెళ్లింది.

మక్తల్_మల్లేశ్
స్వాతమ్మా, 1989లో లోక్‌సభ ఎందుకు పోయిందో కూడా అడుగు. బోఫోర్స్ మీద దేశమంతా కాంగ్రెస్‌ను దించింది. మన రాష్ట్రంలో మాత్రం 42కి 39 కాంగ్రెస్‌కే ఇచ్చినం. మహబూబ్‌నగర్ కూడా వాళ్లకే. కల్వకుర్తిలో ఎన్టీఆర్‌నే ఓడగొట్టినం! ఢిల్లీ లెక్క వేరు, పాలమూరు లెక్క వేరు.

కల్వకుర్తి_మాస్టారు
ఎన్టీఆర్ సంగతి గుర్తు చేస్తే మా ఊళ్లో ఇప్పటికీ రెండు వర్గాలవుతాయి మల్లేశ్, దాన్ని ఇంకో థ్రెడ్‌కు వదిలేద్దాం.

బోఫోర్స్‌తో మాకేం పని అన్నావు. ఒకటి ఆలోచించు. 1987 ఏప్రిల్‌లో స్వీడన్ రేడియో ఆ ముడుపుల సంగతి బయటపెట్టింది. ప్రభుత్వం వేసిన సంయుక్త కమిటీలో కూర్చోబోమని ప్రతిపక్షాలు బయటికొచ్చాయి. 1989 మార్చిలో ఇందిర హత్య మీద వేసిన ఠక్కర్ కమిషన్ నివేదిక గొడవలో 63 మంది ప్రతిపక్ష ఎంపీలను ఒకే రోజు సభ నుంచి సస్పెండ్ చేశారు. జూలైలో సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ బోఫోర్స్ నివేదిక వచ్చాక ప్రతిపక్ష ఎంపీలు చాలామంది రాజీనామాలు చేసి వెళ్లిపోయారు. తోపుల కోసం కాదు ఇదంతా. సర్కారు సొమ్ము ఎవరి జేబులోకి పోయిందని అడిగే హక్కు ఉందా లేదా అని. ఆ హక్కు లేకపోతే నీ కాలువకు వచ్చిన డబ్బు ఎక్కడికి పోయిందని రేపు ఎవరిని అడుగుతావు?

మక్తల్_మల్లేశ్
మాస్టారూ, మీ మాట కాదనను. కానీ అది కడుపు నిండినవాడికి త్వరగా అర్థమవుతుంది. మా నాన్నకు అర్థం కావడానికి ముందు ఇంటికి రావాలి కదా.

సిరిసిల్ల_స్వాతి
మల్లేశన్న మాట గుచ్చుకుంది.

పాత_పేపరు
పాలమూరు_పిల్లగాడి అసలు ప్రశ్నకు వద్దాం. ప్రతిపక్షం అడ్డుకున్నవి చెప్తాను, ఎందుకంటే కట్టినవి కనిపిస్తాయి, ఆపినవి కనిపించవు. 400 దాటిన మెజారిటీ ఉన్న ఆ రాజీవ్ గాంధీ ప్రభుత్వమే 1988లో పరువు నష్టం బిల్లు తెచ్చింది. పత్రికలను బెదిరించే బిల్లు. లోక్‌సభలో పాసైపోయింది. పత్రికలవాళ్లం రోడ్డెక్కాం, సభలో ప్రతిపక్షం పట్టు వదల్లేదు. కొద్ది వారాల్లోనే ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. సభలో చేతులు లెక్కపెడితే ప్రతిపక్షం ఓడిపోయినట్టే. కానీ బిల్లు పోయింది. నేను ఆ రోజుల్లో కుర్రాణ్ని, నల్ల బ్యాడ్జీ పెట్టుకుని నడిచాను. సభలో పదిమందైనా మన మాట మాట్లాడుతున్నారని తెలిస్తే రోడ్డు మీద నడిచేవాడికి వచ్చే ధైర్యం వేరు.

గ్రూప్1_గోపి
నేను చదువుతున్న సబ్జెక్టు కాబట్టి రూల్స్ సంగతి నేను చెప్తా. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్రం గుర్తు ప్రశ్నలు. వాటికి మంత్రి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు. ఇంకో 230 ప్రశ్నలకు రాతపూర్వక జవాబులు. ఎవరి ప్రశ్న ముందు రావాలో లాటరీ తీస్తారు, పార్టీ చూడరు. గంటలో నాలుగైదు ప్రశ్నలకు మించి జరగవు. తర్వాత జీరో అవర్, అత్యవసర విషయాలు లేవనెత్తే సమయం. శుక్రవారం మధ్యాహ్నం ప్రైవేటు సభ్యుల బిల్లులు, అంటే మంత్రులు కాని సభ్యులు పెట్టేవి. ఇప్పటిదాకా చట్టాలైనవి 14 మాత్రమే, 1970 తర్వాత ఒక్కటీ లేదు.

బెజవాడ_బాబాయ్
అంటే యాభై ఏళ్లకు పైగా సున్నా. ఇంకేం సాధించినట్టు అబ్బాయ్?

గ్రూప్1_గోపి
బాబాయ్ ఆగండి. 2015లో డీఎంకే సభ్యుడు తిరుచ్చి శివ ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద పెట్టిన ప్రైవేటు బిల్లును రాజ్యసభ పాస్ చేసింది. అది చట్టం కాలేదు. కానీ తర్వాత ప్రభుత్వమే సొంత బిల్లు తెచ్చుకోవాల్సి వచ్చింది, 2019లో చట్టం అయింది. ప్రభుత్వ చట్టంలో లోపాలున్నాయని ట్రాన్స్‌జెండర్లే పోరాడుతున్నారు, అది వేరే సంగతి. అసలు ఆ విషయం బల్ల మీదికి తెచ్చింది మాత్రం ప్రతిపక్ష సభ్యుడు.

బెజవాడ_బాబాయ్
సరే, ఒప్పుకున్నా. నువ్వు ఇంటర్వ్యూ దాకా వెళ్తావురా.

మిర్యాలగూడ_మిత్ర
నేను 1999లో సందర్శకుల గ్యాలరీలో కూర్చుని చూశాను. ఎంపీ సంతకం చేసిన పాస్ ఉండాలి. పెన్ను, బ్యాగు అన్నీ బయట పెట్టించారు. మూడు చోట్ల తనిఖీ. లోపల కాలు మీద కాలు వేసుకుంటే వాచ్ అండ్ వార్డ్ (సభ భద్రతా సిబ్బంది) ఆయన వచ్చి వేలితో తట్టి దించమన్నాడు. కింద చూస్తే ప్రతిపక్షం వైపు వెనక వరుసలో ఒక సభ్యుడు లేచి మాట్లాడుతున్నాడు. ముందు వరుసల వాళ్లు సగం మంది వినట్లేదు. ఆయన మాత్రం కాగితం చూడకుండా తన జిల్లా చక్కెర ఫ్యాక్టరీ బకాయిల గురించి చెప్తూనే ఉన్నాడు. గంట మోగింది, మైక్ దగ్గర దీపం మారింది, ఇంకా చెప్తూనే ఉన్నాడు. మంత్రి తల ఎత్తి ఏదో రాసుకున్నాడు. నాకు ఆ సభ్యుడి పేరు తెలియదు, ఏ రాష్ట్రమో తెలియదు. టీవీలో చూపించే అరుపుల మధ్య ఇలాంటివి కూడా జరుగుతాయని అప్పుడు తెలిసింది.

మరో మాట. జైపాల్ రెడ్డిని 1999లో మా మిర్యాలగూడ గెలిపించింది, 2004లో కూడా. కాంగ్రెస్ గుర్తు మీదే. ఆయన పాత జనతా కాలం మాకు పెద్దగా గుర్తులేదు.

నల్గొండ_నర్సింహ
అదే అడుగుదామనుకున్నా. ఇరవై ఏళ్లు కాంగ్రెస్‌ను ఏకి పారేసి 1999లో మళ్లీ అదే గూటికి ఎలా చేరాడు? ఎమర్జెన్సీ తప్పు కాదైపోయిందా? మాస్టారు మొదటి పోస్టులో అంత గొప్పగా చెప్పారు కదా, దీనికి జవాబు చెప్పాలి.

కల్వకుర్తి_మాస్టారు
చెప్తాను నర్సింహా. అప్పటికి ఆయన ఉన్న జనతాదళ్ చీలిపోయింది, ఒక ముక్క బీజేపీతో పొత్తుకు వెళ్లింది. మతతత్వానికి ఎదురు నిలబడాలంటే మిగిలింది కాంగ్రెసే అని ఆయన లెక్క. మా ఊళ్లో అప్పుడు చాలామందికి నచ్చలేదు, నాకూ నచ్చలేదు. కానీ ఒకటి గమనించు. ఆయన చేరినప్పుడు కాంగ్రెస్ ఢిల్లీలో అధికారంలో లేదు. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది, ఎన్నికలయ్యాక మళ్లీ ఆయనే వచ్చారు. అంటే జైపాల్ రెడ్డి ఇంకో ఐదేళ్లు ప్రతిపక్షంలోనే కూర్చున్నారు, 2004 దాకా. పదవి కోసమే అయితే అటువైపు వెళ్లాల్సింది.

నల్గొండ_నర్సింహ
సగం ఒప్పుకుంటా. పార్టీ మారాక జనం దగ్గరికి వెళ్లి వివరించాడు, గెలిచాడు, అది సరే. కానీ కొత్త తరానికి ఇది చూపించి "పార్టీ మారడం తప్పు కాదు" అంటే ఇవ్వాళ మారేవాళ్లందరికీ సాకు దొరుకుతుంది. ఇప్పటివాళ్లు ఎన్నికలు అయిపోయాక, అధికార పక్షంలోకి మారుతున్నారు. ఆయనతో పోల్చి చూడండి, ఎంత తేడానో.

సిరిసిల్ల_స్వాతి
1985లోనే ఫిరాయింపుల చట్టం వచ్చింది కదా? అయినా ఆగట్లేదు.

పాత_పేపరు
చట్టానికి చిల్లులున్నాయి. స్పీకర్ ఎప్పుడు తేల్చాలో గడువు లేదు.

మోడరేటర్
ఫిరాయింపుల మీద ఇప్పటి పేర్లతో ఇంకో థ్రెడ్ నడుస్తోంది, అక్కడికి వెళ్లండి. ఇక్కడ అసలు విషయం మీదే ఉండండి.

సిరిసిల్ల_స్వాతి
అయితే నా సొంత అనుభవం ఒకటి. మా పెదనాన్న చేనేత కార్మికుడు. ప్రభుత్వ శాఖ ఒకదాని నుంచి రావలసిన డబ్బు ఏళ్ల తరబడి రాలేదు. అధికార పార్టీ నాయకుల చుట్టూ తిరిగాం, "చూద్దాం" అన్నారు. చివరికి ఒకాయన సలహా మీద ప్రతిపక్ష ఎంపీ ఒకరికి కాగితాలన్నీ జిరాక్స్ తీసి ఇచ్చాం. ఆయన మా పెదనాన్న పేరు పెట్టి అడగలేదు. జిల్లాలో అలాంటి కేసులు ఎన్ని పెండింగులో ఉన్నాయో శాఖవారీగా చెప్పమని రాతపూర్వక ప్రశ్న వేశారు. జవాబు రావాలి కాబట్టి ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు, హైదరాబాద్ నుంచి జిల్లాకు ఫోన్లు వచ్చాయి. ఇన్నాళ్లూ కనపడని మా పెదనాన్న ఫైలు బీరువాలోంచి బయటికొచ్చింది. డబ్బు చేతికొచ్చిన రోజు ఆయన ఆ ఎంపీ ఇంటికి అరటిపళ్లు పట్టుకెళ్లాడు. ఆయన ఇంట్లో లేడు, ఢిల్లీలో ఉన్నాడు.

మక్తల్_మల్లేశ్
ఇది బాగుంది స్వాతమ్మా. ఇలా చెప్తే నాకు అర్థమవుతుంది.

లండన్_లక్ష్మి
ప్రభుత్వం లెక్క చెప్పక తప్పని పరిస్థితి తేవడం, అంతే కదా స్వాతీ. గోపి చెప్పిన ఆ 230 ప్రశ్నలను నేను ఇంత తేలిగ్గా తీసుకున్నానని ఇప్పుడు అనిపిస్తోంది.

పాలమూరు_పిల్లగాడు
చాలా తెలుసుకున్నా, అందరికీ థాంక్స్. ఇంకో డౌటు. మంత్రి అయ్యాక ఆ పాత ప్రతిపక్ష మనిషి ఏమయ్యాడు?

హన్మకొండ_హరి
గుజ్రాల్ ప్రభుత్వంలో సమాచార ప్రసార మంత్రి. ప్రసార భారతి చట్టం 1990లోనే పాసైంది, ఏడేళ్లు ఎవరూ అమలు చేయలేదు. దూరదర్శన్, ఆకాశవాణిని చేతిలోంచి వదలడం ఏ ప్రభుత్వానికీ ఇష్టం ఉండదు. 1997లో ఈయన మంత్రిగా ఉండగా అది అమల్లోకి వచ్చింది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు దూరదర్శన్ ప్రభుత్వ బాకా అని అరిచినవాళ్లు కుర్చీ ఎక్కాక మాట మారుస్తారు. ఈయన మార్చలేదు. నాకు ఆయన మీద గౌరవం అక్కడే ఎక్కువ. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ అవార్డు కూడా వచ్చింది, దక్షిణాది నుంచి అది అందుకున్న మొదటివాడు.

నెల్లూరు_నాగమణి
పెట్రోలియం సంగతి కూడా చెప్పండి.

హన్మకొండ_హరి
2011 జనవరిలో పెట్రోలియం ఇచ్చారు. కేజీ బేసిన్ గ్యాస్ ధర పెంచమని ఒత్తిడి, ఒప్పుకోలేదు. ఉత్పత్తి తగ్గినందుకు సుమారు 100 కోట్ల డాలర్ల ఖర్చులు గ్యాస్ అమ్మకాల్లోంచి రాబట్టుకోవడం కుదరదని 2012లో ఆయన శాఖ రిలయన్స్‌కు నోటీసిచ్చింది. ఆ అక్టోబరులో ఆయన్ను సైన్స్ శాఖకు మార్చారు. ఎందుకు మార్చారో దేశంలో అందరూ తలా ఒకటి అనుకున్నారు. ఆయన మాత్రం రోడ్డెక్కి ఆరోపణలు చేయలేదు.

మక్తల్_మల్లేశ్
ఇక్కడ మాత్రం నేను కూడా చప్పట్లు కొడతా. అయితే 2014లో మళ్లీ మా మహబూబ్‌నగర్ వచ్చి ఓడిపోయిండు. తెలంగాణ బిల్లు పాస్ కావడంలో ఆయన పాత్ర ఉందని అందరూ అంటారు, అయినా ఓడగొట్టినం. 2019 జూలై 28న పోయిండు. ఆ రోజు మా నాన్న టీవీ ముందు నుంచి లేవలేదు. "నాకు నీళ్లు తేలేదు, కానీ నన్ను మోసం చేయలేదు" అన్నడు. మా నాన్న తీర్పు అది. నా తీర్పు ఇంకా పూర్తి కాలేదు.

పాత_పేపరు
అయితే పూర్తి చేద్దాం మల్లేశ్. నేను నిన్న రాత్రే లైబ్రరీ సైటు తెరిచాను. 1985 నుంచి 1989 దాకా ఎనిమిదో లోక్‌సభ. ఇంగ్లిష్ స్కాన్లు, కొన్ని పేజీలు మసకగా ఉన్నాయి. వలస, కరవు, కృష్ణ అనే మూడు మాటల మీద వెతుకుతా. మీరు 1998-99 చూడండి, పన్నెండో లోక్‌సభ, అప్పుడు కూడా ఆయన మహబూబ్‌నగర్ ఎంపీయే. ఎవరికైనా కావాలంటే రాజ్యసభ భాగం ఖాళీగా ఉంది.

గ్రూప్1_గోపి
రాజ్యసభ నాది. 1991-92 ముందు చూస్తా.

సిరిసిల్ల_స్వాతి
నాకు ఇంగ్లిష్ అంత రాదు, కానీ ఆయన వేసిన ప్రశ్నల పట్టిక తయారు చేయగలను. తేదీ, శాఖ, మంత్రి ఇచ్చిన జవాబు. పంపండి.

కల్వకుర్తి_మాస్టారు
ఆయన ఇంగ్లిష్ చదవడానికి డిక్షనరీ పక్కన పెట్టుకోండి. ఢిల్లీ విలేకరులే పెట్టుకునేవాళ్లని చెప్పుకుంటారు. అర్థం కానివి ఇక్కడ పెడితే నేను తెలుగులో రాసిపెడతా.

మక్తల్_మల్లేశ్
నేను పన్నెండో లోక్‌సభ మొదలుపెట్టిన. ఆదివారం లోపల దొరికింది దొరికినట్టు ఇక్కడ పెడతా, మంచిదైనా చెడ్డదైనా.